రాకడ, ఓర్పు : కృష్ణాసాగరసంగమ ప్రాంతమున క్రైస్తవుల యుగాంతబోధ

క్రైస్తవమత గ్రంథములు తెలుఁగున అచ్చుపడ నారంభించి రెండువందల యేండ్లు దాఁటినవి. అందలి పదములు కొన్ని పల్లెలందలి స్త్రీబాలాదుల వాడుకలోనికిఁ గూడఁ బ్రవేశించినవి. అయినను సంస్కృతాంధ్రములు చదివిన పండితులు వానిని విచారించుట యరుదు. అందుచేత నొక పొరపాటు నిలిచిపోయినది. క్రైస్తవులు లోకాంతమును గూర్చి చెప్పునది పురాణములందలి ప్రళయమే యనియు, వారి ప్రవచనము జోస్యమువంటిదే యనియుఁ బెక్కుమంది తలఁతురు. బందరు, గుడివాడ, దివిసీమలయం దీ పొరపాటు శబ్దవిచారముతోఁ బోవునది కాదు. ఇచ్చట సముద్ర మూళ్ల మీఁదికి వచ్చినది, ఒకసారి కాదు. వచ్చినప్పుడు బ్రదికి బయటపడినవాఁడు 'ఇదియేనా యంతము?' అని యడుగక మానఁడు. ఆ ప్రశ్నకు క్రైస్తవబోధ యిచ్చు సమాధానము తెలియవలెనన్న దాని పదములను గొన్నింటిని విడఁదీసి చూడవలసియున్నది.

మచిలీపట్టణమునకు చర్చి మిషనరీ సొసైటీవారు 1841లో వచ్చిరి. రాబర్టు టర్లింగ్టన్ నోబులు, హెన్రీ వాట్సన్ ఫాక్సు అను నిరువురు మొదటివారు. ఫాక్సు పల్లెలు దిరిగి బోధించి, ఆరోగ్యము చెడి, 1848లో స్వదేశమున మృతినొందెను. నోబులు 1843లో బందరునఁ బాఠశాల నెలకొల్పి, ఒక్కమాఱైనను ఇంగ్లండునకు మరలక, 1865లో నచ్చటనే కన్నుమూసెను. ఆయన పేరి కళాశాల యిప్పటికిని గలదు. తరువాతి కాలమున కెనడా బాప్తిస్టు మిషనువా రుయ్యూరు, అవనిగడ్డలయందు స్థానము లేర్పఱచికొనిరి. వీరి బోధకు ముందే గ్రంథానువాదము కొంత జరిగియుండెను. 1730 ప్రాంతమున బెంజమిన్ షుల్జు చేసిన తెలుఁగు అనువాదము అచ్చు కాలేదు. విశాఖపట్టణమున డెగ్రాంజెసు ఆనందరాయరను బ్రాహ్మణపండితుని సాయమున సిద్ధపఱచిన సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చయినవి. 1818లో శ్రీరామపురమువారి క్రొత్తనిబంధన వెలువడినది. అనువాదకుల ప్రక్కఁ బండితులు కూర్చుండి పదములు నిర్ణయించుటచేతనే యీ క్రింద విచారింపఁబడు పదములలోఁ బెక్కింటికి శాస్త్రీయమైన పుష్టి కలిగినది.

రక్తాక్షి సంవత్సర కార్తికారంభమున, 1864 నవంబరు 1వ తేదీ రాత్రి, అమావాస్య గడచి రెండుదినములే యగుటచే సముద్రము పోటుమీఁద నుండఁగా, బందరుపైఁ దుఫాను విఱుచుకొనిపడెను. నీరు సాధారణపు పోటుకంటె 13 అడుగులు పైకి లేచి, కొన్ని తావుల 17 మైళ్లదాఁక లోపలికిఁ జొచ్చెను. ఆ రాత్రి చనిపోయినవారు 30,000 మంది యని యంచనా. మిషనరీ షార్కీగారి భార్య నడపుచుండిన బాలికల వసతిపాఠశాలలో ముప్పదిమందికిఁ బైగా బాలికలు మునిఁగిపోయిరి. డచ్చివారి కాలమునుండి వర్తకమునఁ బేరుకెక్కిన యా పట్టణ మటుపైఁ దొంటి స్థితికి రాలేదు. మరల పింగళ సంవత్సర కార్తికముననే, 1977 నవంబరు 19వ తేదీన, దివిసీమను ఉప్పెన ముంచెను. పులిగడ్డయొద్దఁ గృష్ణ రెండుపాయలై చీలఁగా నడుమ నేర్పడిన దీవి యది, మూఁడువైపుల నీరు. సొర్లగొంది మొదలగు నూళ్లు తుడిచిపెట్టుకొనిపోయినవి. సర్కారు లెక్క పదివేల ప్రాంతము. జనుల నోటి లెక్క యంతకు మించినది. గుడివాడ ప్రాంతమున కుప్పెన యందకున్నను, కొల్లేటివైపు పల్లపుఁ జేలకు మురుగునీటి ముంపు తప్పదు. 'ఉప్పెన' యను పదమునకు సరియగు సంస్కృతపదము లేదు. సముద్రోద్వేల మనుట పుస్తకములలోఁ జెల్లునుగాని తీరమునఁ జెల్లదు.

ఇఁక బోధను జూతము. క్రీస్తు ఒలీవలకొండమీఁదఁ గూర్చుండి శిష్యులకుఁ జెప్పిన మాటలు మత్తయి సువార్త యిరువదినాలుగవ యధ్యాయమునఁ గలవు. యుద్ధములు, కఱవులు, భూకంపములు వచ్చునని యందుఁ గలదు. సామాన్యముగా జనులు జ్ఞాపకముంచుకొనునది యింతమాత్రమే. కాని యావెంటనే యింకొక మాట యున్నది: ఇవి యంతము కావు, వేదనలకు మొదలు మాత్రమే యని. ఇక్కడి గ్రీకుపదము 'ఓదినెస్'. దానికి ముఖ్యార్థము ప్రసవవేదన. తెలుఁగు అనువాదమున 'వేదనలు' అని మాత్రమే యుండుటచే ప్రసవార్థము మఱుఁగుపడినది. వేఱొకచోట, థెస్సలొనీకయులకు వ్రాసిన పత్రికలో, 'ప్రసవవేదన' యనియే స్పష్టముగా నున్నది గాన, ఇచ్చటి లోపము తెలియమిచేఁ గలిగినది కాదు, సంక్షేపముచేఁ గలిగినది. తెలుఁగిండ్లలో నిండుచూలాలిని గూర్చి 'నొప్పులు వచ్చుచున్నవి' యన్న చాలును. ఏ నొప్పులని యెవ్వరు నడుగరు. ఆ బహువచనమే యర్థమును నిర్ణయించును. అనువాదకు లా మాటను గ్రహించియుండినచో, ఆపద యనునది చావునకుఁ గాక పుట్టుకకు ముందు నడచునది యను భావము చదువరికి మొదటిచూపుననే తోఁచియుండును. పురుషపండితుల కూటమున నా మాట స్ఫురింపకపోవుట యాశ్చర్యము కాదు.

'యుగసమాప్తి' యను పద మింతకంటె మేలుగఁ గుదిరినది. గ్రీకున 'సుంతెలెయ' యనఁగా సమగ్రముగాఁ గొనముట్టుట, 'తెలొస్' గమ్యము. సంస్కృతమున 'ఆప్' ధాతువునకు ముందు సముపసర్గ చేరి, క్తిన్ ప్రత్యయము వచ్చి సమాప్తి యగును. చక్కఁగాఁ బొందుట యని యవయవార్థము. గ్రంథము ముగిసినప్పుడు లేఖకుఁడు 'సమాప్తము' అని వ్రాయును. గ్రంథము నశించినదని యెవ్వఁడును దలఁపఁడు. ప్రళయశబ్ద మట్టిది కాదు. ప్రపూర్వకమగు 'లీ' ధాతువు కరఁగి కలసిపోవుటను జెప్పును. సృష్టి దేనినుండి పుట్టెనో దానియందు లయించి, మరలఁ బుట్టును. కృతయుగము మరల వచ్చును. క్రైస్తవబోధలో నీ యావృత్తి లేదు. కాలము చక్రము కాదు, బాట. ఆ బాట కొకచోటు కలదు. అనువాదకులు ప్రళయశబ్దమును విడువలేదు సరికదా, దానికిఁ దగిన తావు చూపిరి: నోవహు కాలమున జరిగిపోయిన వఱదకు 'జలప్రళయ'మని పేరు పెట్టిరి. గడచినది ప్రళయము, రానున్నది సమాప్తి. ఈ రెండింటి భేదము పాటించినచో, బందరు జలము చూచి 'యుగాంతము వచ్చినది' యనువాఁడు ప్రళయమను మాటను సమాప్తియను మాటయందుఁ జొప్పించుచున్నాఁడని తెలియును. యుగశబ్దముమాత్రము చిక్కు కలిగించునదియే. అది వినఁగనే కలియుగసంఖ్య మనసున మెదలును. ఇంతకంటెఁ దగినది దొరకలేదని యొప్పుకొనవలసినదే.

ప్రవచనశబ్దము విషయమునఁ బండితులకే యెక్కువ యెఱుక కలదు. శాస్త్రప్రవచనము, పురాణప్రవచనము అనుచోట 'ప్ర' పూర్వకమగు వచధాతువునకుఁ బ్రకృష్టముగాఁ జెప్పుట, బోధించుట యర్థము. గ్రీకున 'ప్రొఫేతేస్' అనునదియు నట్టిదే; అందలి 'ప్రొ', సంస్కృతమందలి 'ప్ర' ఒకే కుదుటివి. ఈశ్వరుని పక్షమున జనుల యెదుటఁ బలుకువాఁడు ప్రవక్త. భవిష్యత్తును జెప్పుట యందొక భాగముమాత్రమే. జోస్యము జ్యౌతిషమునకుఁ దద్భవము. అది తిథిని జెప్పును. ప్రవచనము నడవడిని జెప్పును. ఆ దినమును గాని గడియను గాని తండ్రియొక్కఁడే యెఱుఁగును, కుమారుఁ డయినను నెఱుఁగఁడు అని మార్కు సువార్తలో నున్నది. ఇంత స్పష్టముగాఁ జెప్పియుండఁగా లెక్కలు కట్టినవారు లేకపోలేదు. అమెరికాలో విలియం మిల్లరను నాతఁడు దానియేలు గ్రంథమందలి దినములను సంవత్సరములుగా గుణించి, 1843 మార్చికిని 1844 మార్చికిని నడుమ క్రీస్తు వచ్చునని చాటెను. అది తప్పఁగా 1844 అక్టోబరు 22 అని నిశ్చయించిరి. వేలకొలఁది జనులు కనిపెట్టుకొని, రాత్రి గడచి తెల్లవాఱఁగా నేడ్చిరి. కొందఱు పంటను గోయకయే విడిచిరని వ్రాయుదురు. ఆ 1843లోనే బందరున నోబులు పాఠశాల తెఱచి, పిల్లలకు వ్యాకరణమును, లెక్కలను జెప్ప నారంభించెను. ఆయనయు క్రీస్తు రాకడను నమ్మినవాఁడే. నమ్మిన వారిరువురిలో నొకఁడు తేదీని లెక్కించెను, మఱొకఁడు పాఠములు చెప్పెను. క్రొత్తనిబంధనము మెచ్చుకొను సేవకుఁడు యజమానుఁడు వచ్చునప్పటికిఁ బనిలో నున్నవాఁడు.

'రాకడ' యచ్చతెనుఁగు. వచ్చు ధాతువునుండి రాక, దానినుండి రాకడ. పోవు ధాతువునుండి పోక, పోకడ. పోకడ క్రమముగా నడవడికకుఁ బేరైనది. రాకడ మాత్రము తన యర్థమును విడువలేదు. అవతారమని యనువదింపవలసినది గదా యని కొందఱడుగుదురు. అవపూర్వకమగు తౄ ధాతువు పైనుండి దిగుటను జెప్పును; పలుమాఱులు జరుగునదిగా నా పదము రూఢమైనది. క్రైస్తవుల కొకమాఱు వచ్చినవాఁడే మరల వచ్చుట ముఖ్యము గాన నది పొసఁగదు. గ్రీకున నీ రాకడకు 'పరూసియా' యని పేరు. రాజు గాని, రాజప్రతినిధి గాని పట్టణమునకు విచ్చేయుటకు నీ మాటను వాడుచుండిరి. అప్పుడు పౌరులు గవిని దాఁటి వెడలి, ఎదుర్కొని, ఆయనతోఁ గూడ లోపలికి వత్తురు. ఆ యెదుర్కొనుటకు 'అపాంతెసిస్' అని పేరు. పౌలు వ్రాసిన పత్రికలోను, దివిటీలు పట్టుకొని పెండ్లికుమారుని యెదుర్కొన వెడలిన పదిమంది కన్యకల కథలోను నిదే పదము. తెలుఁగువారికి వ్యాఖ్య యక్కఱలేదు: పెండ్లిలో నెదురుకోలు జరుగని యిల్లు లేదు. మగపెండ్లివా రే జామునకు వత్తురో తెలియకున్నను, ఆడపెండ్లివారు దీపమున నూనె చూచుకొనియే యుందురు. అయితే తెలుఁగున నెదుర్కొను ననఁగాఁ బ్రతిఘటించు నను నర్థమును గలదు. కష్టము నెదుర్కొనుట, పెండ్లికుమారు నెదుర్కొనుట రెండు నొకే క్రియ. గ్రీకున నీ శ్లేష లేదు. తెలుఁగు బోధకులకు లభించినది. 1938లో ముంగమూరి దేవదాసు స్థాపించిన బైబిలు మిషనునందు రాకడశబ్దమునకు విశేషప్రాధాన్యము కలిగినది. 'సిద్ధపడుట' యను మాట దానితో జంటగా నడచుచున్నది.

ఈ విచారమునకు నడుమ నున్నది 'ఓర్పు'. గ్రీకున 'హుపొమొనె'. అందు 'హుపొ' సంస్కృతమందలి యుపశబ్దమునకు సజాతీయము. బరువు క్రిందఁ గదలక నిలుచుట యని మొత్తపు టర్థము. ఊరక పడియుండుట కాదు. సంస్కృతమున సహధాతువునకు మర్షణము, అనఁగా సైఁచుట, లోకమునఁ బ్రసిద్ధార్థము. వేదమున నా ధాతువే శత్రువు నభిభవించుటను జెప్పును. తెలుఁగునను నట్లే. ఓర్చుట నేఁడు సహించుటయే. ప్రాచీనకావ్యములలో శత్రువు నోర్చుట యనఁగా జయించుట. ఓడుటకుఁ బ్రతియోగి యది. ఈ రెండర్థములు నొకే ధాతువునం దెట్లు చేరెనను దాని కుత్తరము యోహాను ప్రకటనగ్రంథమునఁ జదువవచ్చును. ఆ గ్రంథము పత్మాసు ద్వీపమునకు వెడలఁగొట్టఁబడిన యొక భక్తుఁడు చిన్నాసియాలోని యేడు సంఘములకు వ్రాసినది. రోమక చక్రవర్తి డొమిషియను కాలమునాఁటిదని ప్రాచీనుల మతము. 'అపొకలుప్సిస్' అనఁగాఁ దెఱ తీయుట. ఆవిష్కరణమని గూడఁ జెప్పవచ్చును. ఘటసర్పములను, మృగములను, ముద్రలను జూచి వెఱచువారు మొదటి మూఁడధ్యాయములను దాఁటిపోవుదురు. స్ముర్న యను నోడరేవునందలి సంఘమునకు వ్రాసిన లేఖ మిక్కిలి చిన్నది. వారు బీదవారు, నిందితులు. కొందఱు చెఱసాలఁ జేరనున్నారు. వారికి ఆపద రాదని వాగ్దానము లేదు. చావువఱకు నమ్మకముగ నుండుఁడని మాత్రము గలదు. ఏడు లేఖలును జయించువానికి వచ్చు ఫలముతో ముగియును. కత్తి పట్టనివాఁడు, చెఱసాలలోనున్నవాఁడు జయించువాఁడెట్లగును? ఓర్చుటచేతనే. తెలుఁగుధాతు వీ యర్థమును మొదటినుండియు దాఁచుకొనియున్నది.

నమ్మకమను మాటయు నిట్లే రెండువైపుల వాడియైనది. ఒకనిని నమ్ముట నమ్మకము. ఇతరులు నమ్మఁదగియుండుట నమ్మకము. గ్రీకున 'పిస్తొస్' అనునదియు రెండును జెప్పును. విశ్వాసశబ్దమును బండితులు శ్రద్ధకుఁ బర్యాయముగా వాడుదురుగాని, తెలుఁగువాఁడు కుక్కకు విశ్వాసము కలదనును; ఉప్పు తిన్న విశ్వాసమనును. అది సిద్ధాంతమును మనసున నొప్పుకొనుట కాదు, కష్టకాలమున విడువకుండుట. 1852లో నోబులు పాఠశాలలోని విద్యార్థులు మంచాల రత్నము, అయినాల భూషణము బాప్తిస్మము పొందఁగా బందరున నలజడి రేఁగినది, పాఠశాల దాదాపు ఖాళీ యైనది. ఆ యువకులు తల్లిదండ్రులను, కులమును గోలుపోయిరి, కాలక్రమమున గురువులైరి. వీరి కథలు గ్రంథస్థములైనవి. గుడివాడ, దివి ప్రాంతముల మాలమాదిగపల్లెలలో నీ మతమును బట్టినవారి కథలు గ్రంథస్థములు కాలేదు. భూమి లేనివారు, ఒకరి చేలలోఁ గూలి చేయువారు; ఉప్పెన వచ్చినప్పుడు మట్టిగోడల గుడిసెలలో నుండినవారు. 1950లో వెలువడిన రాష్ట్రపతి యుత్తరువుచేఁ గ్రైస్తవులకు షెడ్యూల్డు కులముల జాబితాలోఁ జోటు లేకపోయినది. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును నా నిర్బంధము తొలఁగినది, వీరికిఁ దొలఁగలేదు. ఈ విషయమున న్యాయాన్యాయ విచారము వేఱు. పేరు మార్చి వ్రాయించుకొన్నచోఁ గలుగు లాభ మెదుట నుండఁగా, మార్చని కుటుంబమునకు నమ్మకమను పదము నిఘంటువులోఁ జూడవలసిన పని లేదు.

ఈ బోధ దుర్వినియోగమైన సందర్భములును గలవు. ఆపదలో మడసినవారు పాపులనియు, మిగిలినవారు పుణ్యులనియుఁ జెప్పు నోరు ఏ మతమునందైన నుండును. బందరున మునిఁగిన బాలికల యెదుట నీ మాట నిలువదు. సిలోయములో గోపురము కూలి పదునెనమండ్రు చచ్చినప్పుడు వారు యెరూషలేములోని తక్కినవారికంటెఁ బాపులు కారని క్రీస్తు స్పష్టముగాఁ జెప్పినట్లు లూకా వ్రాసియున్నాఁడు. రెండవ దుర్వినియోగము సోమరితనము. ప్రభువు వచ్చుచున్నాఁడని థెస్సలొనీకలోఁ గొందఱు పని మాని తిరుగుచుండఁగా, పని చేయనొల్లనివాఁడు భోజనము చేయఁగూడదని పౌలు శాసించెను. 1977 తరువాత శవములను బూడ్చుట, ఉప్పెక్కిన చెఱువులను దోడుట, గుడిసెలు కట్టుట మతభేదము లేక జరిగినవి. మండలి వేంకటకృష్ణారావు ప్రభృతులు ముందు నిలిచిరి. లోకము ముగియుచున్నదని నమ్మినవాఁడును మఱుసటి కార్తికమునకు నారు పోసికొనవలసినదే.

వెయ్యేండ్ల పాలనను గూర్చిన మతభేదములు క్రైస్తవులలోఁ జిరకాలమునుండి కలవు. కొంద ఱది రాకడ తరువాత భూమిమీఁద జరుగు ననిరి. అగస్టీనువంటివా రది సంఘము యొక్క వర్తమానకాలమే యనిరి. బందరుచుట్టు నున్న సంఘములలో నీ పక్షములన్నియు వినఁబడును. వాని విస్తర మిచ్చట ననావశ్యకము.

'శ్రమ' యను పదము మాత్రము పండితులు సవరించి చదువుకొనవలసినది. సంస్కృతమున శ్రమ యాయాసము, తపస్సు. గ్రీకున 'థ్లిప్సిస్' అనఁగా నొత్తుట, నలుపుట. గానుగలోఁ బడిన గింజ స్థితి. పీడ్ ధాతువు దీనికి సూటియైనది. అయినను శ్రమశబ్దమే నిలిచి, 'శ్రమలు' అని బహువచనమై, తెలుఁగు క్రైస్తవుల వాడుకలో నర్థమును మార్చికొనినది. నిఘంటువులు చేయువా రీ యర్థమును బ్రత్యేకముగాఁ జూపవలసియున్నది.

క్రిస్టమసుకు ముందు నాలుగాదివారములు ఆగమనకాలమని సంఘములు పాటించును. పాశ్చాత్యదేశములలో నది మంచుకాలము. కృష్ణాడెల్టాలో నది సార్వా వరికోఁత కాలము. రెండుప్పెనలును దీనికిఁ గొంచెము ముందు, పైరు యీని గింజ గట్టుచున్న నెలలోనే వచ్చినవి. కోఁతయే యుగసమాప్తి యని చెప్పిన యుపమాన మొకటి మత్తయి పదుమూఁడవ యధ్యాయమునఁ గలదు. శత్రువు రాత్రివేళ గోధుమలలోఁ గలుపు విత్తనములు చల్లిపోవును. పనివారు పెఱికివేయుదుమా యనఁగా యజమానుఁడు కోఁతదాఁక నాఁగుఁడనును. గ్రీకున నా కలుపునకు 'జిజానియ' యని పేరు. కంకి వేయువఱకు గోధుమనుండి దాని నేర్పఱచుట కష్టము. తెలుఁగు అనువాదమున 'గురుగులు' అని యున్నది. గురుగును బైరుగా భ్రమపడు రైతు లేఁడు. వరిలోఁ గలసి, వరివలె దుబ్బు చేసి, వెన్ను తీసినఁగాని బయటపడనిది ఊద. అనువాదము దివిసీమలో జరిగియుండినచో నక్కడ ఊద యనియే వ్రాసియుందురు.